కూడిక వచ్చింది, తీసివేత రాలేదు

సరుకు చవగ్గా దొరికితే ఎవరికి నష్టం? ఇరవై నాలుగేళ్ల వయసులో ఈ ప్రశ్న వేసి, ఎదుటివాళ్లు నోరు తెరిచేలోపే వాదన గెలిచేసినట్టు నవ్వడం నాకు అలవాటుగా ఉండేది. అవి 1990లు. అమెరికాలో అయోవా రాష్ట్రంలో ఎమ్మెస్ చదువుతున్నాను. చిన్న ఊరు. చుట్టూ మొక్కజొన్న చేలు, నడిబొడ్డున కోర్టు, దాని చుట్టూ పాతకాలపు అంగళ్లు. ఊరి చివర హైవే పక్కన మాత్రం ఓ బ్రహ్మాండమైన డిస్కౌంట్ షాపు.

శనివారం వస్తే మన కుర్రాళ్లమంతా ఒక డొక్కు కారులో ఇరుక్కుని అక్కడికి వెళ్లేవాళ్లం. సాక్సులు, షాంపూలు, పాలు, చలికోట్లు, అన్నీ అక్కడే. కొన్న రగ్గు చలికాలమంతా కప్పుకుని, ఎండ రాగానే వాపసు ఇచ్చి డబ్బు తెచ్చుకున్న మహానుభావులు కూడా మా బ్యాచ్‌లో ఉన్నారు. పేర్లు చెప్పను. ఒకడి పేరు నేను చెబితే వాడు నా పేరు చెబుతాడు.

కోర్టు వీధిలో ఓ హార్డ్‌వేర్ షాపు ఉండేది. యజమాని పెద్దాయన. మా అద్దె ఇంట్లో కుళాయి కారుతుంటే, అరిగిపోయిన వాషర్ పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లాను. నీళ్లు ముందు ఎక్కడ కట్టాలి, పానా ఎటు తిప్పాలి, ఏది ముందు విప్పాలి, ఓ కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పాడాయన. కౌంటర్ దగ్గర కూర్చున్నావిడ కూడా మధ్యలో కల్పించుకుని, గట్టిగా బిగిస్తే మరలు చెడతాయని హెచ్చరించింది. ఆ కాగితం జేబులో పెట్టుకుని, ఇద్దరికీ థాంక్స్ చెప్పి, తిన్నగా హైవే పక్క షాపుకి వెళ్లి అవే వాషర్లు నలభై సెంట్లు తక్కువకి కొన్నాను. పెట్రోలు ఎంతయిందో చూసుకోలేదు. ఆ బొమ్మ గీయడానికి పట్టిన సేపటికి ఖరీదు కట్టాలన్న ఊహే రాలేదు. ఆ రాత్రి కుళాయి బాగుచేసి, నలభై సెంట్ల ఘనకార్యం గురించి రూమ్మేట్ల దగ్గర గొప్పలు పోయాను. నవ్వుకోండి, ఫరవాలేదు. షాపులో చీరలన్నీ విప్పించి, రంగూ అంచూ తీరిగ్గా చూసుకుని, మెట్లు దిగుతూనే ఫోన్లో ఆర్డర్ పెట్టినవాళ్లు మీలో ఉండరనుకోను.

ఆ తెలివి వాషర్లతో ఆగి ఉంటే ఇది రాయాల్సిన పని లేదు. ఆ సెమిస్టర్‌లో ఎకనామిక్స్ కోర్సు ఒకటి తీసుకున్నాను. డిస్కౌంట్ షాపుల మీద పేపర్ రాయాలి. అయోవాలో అప్పుడు అదే చర్చ. వాల్‌మార్ట్ ఆ రాష్ట్రంలో అడుగుపెట్టింది 1980ల మొదట్లో. అయోవా స్టేట్ యూనివర్సిటీ ప్రొఫెసర్ కెనెత్ స్టోన్ ఊరూరి అమ్మకం పన్ను లెక్కలు తవ్వి, 1983 నుంచి 1993 లోపు రాష్ట్రంలో 555 కిరాణా కొట్లు, 298 హార్డ్‌వేర్ షాపులు, 116 మందుల షాపులు తగ్గిపోయాయని తేల్చాడు. ఇంకో సంగతి కూడా చెప్పాడు. పెద్ద షాపు వచ్చిన ఊళ్లో మొత్తం అమ్మకాలు పెరుగుతాయి. అసలు దెబ్బ దాని చుట్టుపక్కల, షాపు రాని చిన్న ఊళ్లకి. అక్కడి జనం కార్లేసుకుని ఇక్కడికి వస్తారు కాబట్టి.

నేను ఆ లెక్కలన్నీ ఒక్క పేరాలో కొట్టిపారేశాను. మూతపడ్డవి చేతకాని షాపులు అన్నాను. తరవాత ధరలు ఎంత తగ్గాయో లెక్క వేశాను. దానికి కొత్త షాపులో చేరిన మూడు వందల మందిని కలిపాను. మొత్తం లాభం! కింద రెండు గీతలు గీశాను. పేపర్ తిరిగొచ్చినప్పుడు ఆ మూడు వందల పక్కన మా మేష్టారు పెన్సిల్‌తో ఒక ప్రశ్న రాసి పెట్టారు: "వీళ్లు నిన్నటిదాకా ఏం చేస్తున్నారు?" మార్కులు బాగానే వచ్చాయి కాబట్టి ఆ ప్రశ్నని పట్టించుకోలేదు.

తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి ఇన్‌కంటాక్స్ కాగితాలు ఉచితంగా నింపిపెట్టే వీటా అనే కార్యక్రమం ఒకటుంది అమెరికాలో. తరవాతి ఏడాది అందులో చేరాను. సేవాభావంతో చేరానని చెప్పాలని ఉంది గానీ, రెజ్యూమేలో ఒక లైను వస్తుందని చేరాను. లైబ్రరీ కింది గదిలో బల్లలు వేసి కూర్చునేవాళ్లం. ఒక సాయంత్రం నా ఎదుట ఓ నడివయసు ఆవిడ కూర్చుంది. నన్ను చూసి నవ్వింది. "కుళాయి కారడం ఆగిందా?" అంది.

ఆగిందన్నాను. మరలు చెడిపోలేదు కదా అని కూడా అడిగింది. లేదన్నాను. వాషర్ ఎక్కడ కొన్నావని ఆవిడ అడగలేదు. అడగక్కర్లేదు. వాషర్లు అమ్మే మనిషికి ఎవరు కొనలేదో తెలియదా?

సంచిలోంచి రెండు డబ్ల్యూ-2 కాగితాలు తీసింది. ఏడాదిలో ఎంత జీతం ఇచ్చారో, ఎంత పన్ను పట్టుకున్నారో యజమాని రాసిచ్చే కాగితాలవి. ఒకటి కోర్టు వీధి హార్డ్‌వేర్ షాపుది, ఏడాది మధ్యలో ఆగిపోయింది. రెండోది హైవే పక్క షాపుది. రెండూ పక్కపక్కన పెట్టి కూడుతున్నాను. దాదాపు సమానమైన నెలలు, అంకెలు మాత్రం సమానంగా లేవు. ఏదైనా కాగితం పోయిందా అని అడిగాను. లేదంది. గంటకి ఇచ్చేది తక్కువ, పైగా వారానికి పూర్తి గంటలు ఇవ్వరు, ఏ వారం ఎన్ని గంటలో ముందు తెలియదు, అంది. కోపంగా కాదు, రేపు మంచు పడుతుందట అన్నట్టు చెప్పింది.

మా మేష్టారి పెన్సిల్ ప్రశ్న అప్పుడు గుర్తొచ్చింది. నా మూడు వందల మందిలో ఒకావిడ ఎదురుగా ఉంది. నిన్నటిదాకా ఏం చేస్తోందో నాకు తెలుసు. కుళాయి గట్టిగా బిగించొద్దని నాకు నేర్పించింది.

అసలు సిగ్గు ఇంకా కింద ఉంది, ఫారంలో. సంపాదన తక్కువైన కుటుంబాలకి ప్రభుత్వం వెనక్కిచ్చే డబ్బుకి ఒక గడి ఉంటుంది. ఆవిడకి పోయిన ఏడాది కన్నా ఈసారి ఎక్కువ వస్తోంది. ఆవిడ సంతోషించింది. పిల్లలకి బూట్లు కొంటానంది. ఎక్కడ అని అడిగాను, అడక్కుండా ఉండాల్సింది. "అక్కడే. ఇంకెక్కడ కొనగలను?" అంది. షాపు ఇవ్వని జీతంలో కొంత పన్ను కట్టేవాళ్లు పూడుస్తున్నారు, ఆ డబ్బు మళ్లీ ఆ షాపుకే వెళుతోంది. నా పేపర్‌లో ఇందులో ఒక్క ముక్కా లేదు. సరుకు కొనేవాళ్లొక జాతి, జీతం తీసుకునేవాళ్లొక జాతి అన్నట్టు రాశాను.

తరవాత ఈ లెక్కలు చేయి తిరిగినవాళ్లే వేశారు. షాపు తెరిచిన ఏడాది ఆ కౌంటీలో చిల్లర వర్తకంలో నికరంగా ఓ వంద ఉద్యోగాలు పెరిగి, అయిదేళ్లలో అందులో సగం కరిగిపోతాయని ఎమెక్ బాస్కర్ 2005లో తేల్చింది. 2008లో డేవిడ్ న్యూమార్క్, ఇంకో ఇద్దరు కలిసి, వాల్‌మార్ట్‌లో వచ్చిన ఒక్కో ఉద్యోగానికి బయట సుమారు 1.4 ఉద్యోగాలు పోయాయన్నారు. ఈ రెండు లెక్కలూ ఒకదానితో ఒకటి కలవవు, పండితులు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. కానీ ఎవరి దగ్గరా మూడు వందలు మాత్రం లేవు. న్యాయంగా చెప్పాలంటే ధరల విషయంలో నేను మరీ తప్పు కాదు. టూత్‌పేస్టు, షాంపూ, బట్టల సబ్బుపొడి లాంటి వాటి ధరలు మొదట ఒకటిన్నర నుంచి మూడు శాతం, పోనుపోను అంతకి నాలుగు రెట్ల దాకా తగ్గాయని ఆ బాస్కరే ఇంకో పరిశోధనలో చూపించింది. లేనివాళ్ల ఇంట్లో అది చిన్న డబ్బు కాదు. నేను అక్కడ కొనడం మానలేదు కూడా.

ఇంతటితో బుద్ధొచ్చిందనుకుంటే పొరపాటు. 2012 సెప్టెంబర్‌లో మన దేశంలో చిల్లర వర్తకంలోకి 51 శాతం విదేశీ పెట్టుబడిని అనుమతించినప్పుడు, నాకు అయోవా పూనింది. తెనాలిలో కిరాణా కొట్టు నడిపే మా బాబాయికి ఫోన్ చేసి, కొట్టు మంచి ధర పలుకుతుండగానే అమ్మెయ్యమన్నాను. 555 కొట్ల కథ చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "ఒరేయ్ అబ్బాయ్, ఆ షాపులు పది లక్షల జనాభా దాటిన ఊళ్లకట కదరా, పేపర్లో రాశారు" అన్నాడు. తెనాలి జనాభా అప్పటికి రెండు లక్షల లోపు. నేను నిబంధనలు చదవలేదు. అమెరికాలో చూసొచ్చిన వాడికి పేపర్ చదవాల్సిన అవసరం ఏముంటుంది?

కొన్నేళ్లకి ఆ కొట్లో కూర్చుని సరుకెక్కడ తెస్తున్నావంటే, కొంత గుంటూరులో బెస్ట్ ప్రైస్ నుంచి అన్నాడు. అది అప్పట్లో వాల్‌మార్ట్ వాళ్ల హోల్‌సేల్ దుకాణం. నేను పులి వస్తోందని అరిచింది ఆ వాల్‌మార్ట్ గురించే. పులి దగ్గర ఈయన పప్పులు కొంటున్నాడు. కొట్లో పొట్లాలు కట్టే ఇద్దరు కుర్రాళ్లలో ఒకడు కనపడలేదు. ఏమయ్యాడని అడిగితే, బాబాయి మొహం చిట్లించాడు.

"గుంటూరులో సూపర్‌మార్కెట్‌లో చేరాడు. అక్కడ పీఎఫ్ కడతారంట, వారానికో రోజు సెలవంట. వీడు కూడా పోతాడేమోనని వీడి జీతం పెంచాల్సొచ్చింది."

అయోవాలో నేను చూసింది ఇక్కడ తలకిందులుగా ఉంది. అక్కడ ఆవిడకి మంచి ఉద్యోగం పోయి తక్కువది మిగిలింది. ఇక్కడ కుర్రాడు ఉన్నదాని కన్నా మెరుగైనదానికి వెళ్లాడు, వెళ్లి రెండోవాడి జీతం కూడా పెంచాడు. చిన్న కొట్టంటే చాలు, అందులో పనిచేసేవాడు సుఖంగానే ఉంటాడని ఇన్నేళ్లూ ఎలా అనుకున్నానో తెలియదు. చిన్నప్పటినుంచీ సెలవులకి ఆ కొట్టుకి వెళుతున్నాను, బెల్లం ముక్కలు తింటున్నాను, ఆ కుర్రాళ్ల జీతం ఎంతని ఒక్కసారీ అడగలేదు. అప్పుడు అడిగాను.

"పోయినవాడికి నెలకి ఎంతిస్తుండేవాడివి, బాబాయ్?"

"కాఫీ తాగుతావా?" అన్నాడు బాబాయి.