చొక్కా జేబులో చాలీసా

సెలవైపోయి మావాడు యూనిట్‌కి బయల్దేరే ముందు రోజు, బ్యాగులో అరిసెల డబ్బా పక్కన చిన్న హనుమాన్ చాలీసా పెట్టాను. చూసి నవ్వేశాడు. "ఫోన్‌లో ఉందిగా అమ్మా! సైనికులెవరైనా జేబులో పుస్తకాలు పెట్టుకుని తిరుగుతారా?" అన్నాడు.

ఉక్రోషం వచ్చింది. రాత్రి నిద్ర పట్టక నెట్‌లో వెతికాను. తిరిగారు, ఎప్పుడో తిరిగారు!

1643లో, ఇంగ్లండులో రాజుకీ పార్లమెంటుకీ యుద్ధం జరుగుతున్నప్పుడు, పార్లమెంటు సైనికుల కోసం 'సోల్జర్స్ పాకెట్ బైబిల్' అచ్చేశారు. పదహారే పేజీలు. బైబిల్ మొత్తం మోసుకెళ్లలేరు కదా, సైనికుడికి పనికొచ్చే వాక్యాలు ఏరి శీర్షికల కింద సర్దారు. పోరుకి ముందు ప్రార్థించాలి, శత్రువుకి భయపడకూడదు, గెలిస్తే దేవుడికి కృతజ్ఞత చెప్పాలి... ఇలా.

అంత పల్చటి పుస్తకం చెమటకీ వానకీ ఎన్నాళ్లు ఆగుతుంది? రెండు వందల ఏళ్లు దాటాక తెలిసినవి రెండే ప్రతులు. ఒకటి లండన్ బ్రిటిష్ మ్యూజియంలో, ఇంకొకటి అమెరికాలో జార్జ్ లివర్‌మోర్ అనే పుస్తకాల పిచ్చాయన దగ్గర. 1861లో అక్కడ అంతర్యుద్ధం మొదలైనప్పుడు ఆయన వంద ప్రతులు మళ్లీ అచ్చు వేయించాడు. తర్వాత ఉత్తరాది సైనికులకీ అచ్చేసి పంచారు. 1895లో లండన్‌లో మక్కీకి మక్కీ ఇంకోసారి వేశారు. ఇప్పుడు ఆ పాత పునర్ముద్రణలు దొరకడమే గగనం.

పొద్దున్నే మావాడికి చూపించి గెలుద్దామనుకున్నాను. కానీ మొదటి శీర్షిక దగ్గరే ఆగిపోయాను. సైనికుడు చెడ్డ పని చేయకూడదు అని ఉంది. ప్రాణం కాపాడమని కాదు, ముందు ఇది.

వాడు చేరిన రోజు నుంచీ నా మొక్కు ఒక్కటే, క్షేమంగా ఇంటికి రావాలని. తుపాకీ పట్టుకున్న చేయి మంచిగా ఉండాలని ఒక్కసారీ అడగలేదు. చిన్నప్పుడు చీమని తొక్కితే కసిరిన నేనే!

తెల్లారి దీపం పెట్టి, పాత మొక్కుకి ఇదీ కలిపాను. వాడికేం చెప్పలేదు. చాలీసా బ్యాగులోంచి తీసి చొక్కా జేబులో పెట్టాను.

ఈసారి నవ్వలేదు. జేబు గుండీ పెట్టుకున్నాడు.