రేడియో చిట్టా

పాలపద్దు, చాకలిపద్దు, కూలిపద్దు వ్రాయని యిల్లాలు మనలో నరుదు. వీనికి తోడు నేను మఱియొక పద్దును సంవత్సరములనుండి కాపాడుచున్నాను. అది పైకములేని పద్దు. మా వారు భూమి నలుమూలలనున్న యపరిచితులతో రేడియోమీద మాటలాడిన లెక్క. దీనిని ఆంగ్లమున లాగు అందురు. తెలుగున ఆ మాట పిల్లల యుడుపునకు చెల్లినది గావున మా యింట చిట్టా యనియే వాడుక.

మాది పర్చూరు ప్రాంతపు నల్లరేగడి నేల. ప్రత్తి, మిరప, శనగ మా పంటలు. మా వారు వ్యవసాయదారులే గాని, ప్రభుత్వపు పరీక్షలో నుత్తీర్ణులై అమెచ్యూర్ రేడియో లైసెన్సు సంపాదించిరి. ఇట్టివారిని హాములందురు. లాభాపేక్ష లేక, కేవల కుతూహలముచే సొంత యంత్రముతో దూరదేశములవారిని పిలిచి మాటలాడుట వీరి వ్యాసంగము. ఇది పురుషుల యాటయే యనుకొనరాదు సుమా. రాజీవ్ గాంధీగారితోబాటు సోనియా గాంధీగారికిని ఈ లైసెన్సు లభించినది.

మాటలాడిన ప్రతి పర్యాయమును తేది, కాలము, ఎదుటివారి పిలుపుగుర్తు, తరంగము, వినికిడి యెట్లున్నదను అంకెలు చిట్టాలో నెక్కవలయును. మన దేశపు 1978 నాటి నిబంధనలును దీనిని విధించినవి. కాలము మాత్రము మన గడియారమునుబట్టి గాక, ప్రపంచమంతటికి నొక్కటియగు సార్వత్రిక కాలమునుబట్టి వేయుదురు. అది మనకంటె అయిదున్నర గంటలు వెనుక. కావున తెల్లవాఱుజామున నాలుగు గంటలకు మాటలాడినచో చిట్టాలో నిన్నటి తేది పడును. తొలుత నాకిది వింతగా తోచెడిది.

మొదట నన్నియు పుస్తకములే. పిదప కంప్యూటరు వచ్చెను. కొంతకాలము రెంటను వ్రాసి, తరువాత ఆయన పుస్తకము మానిరి. 2011 వేసవి గాలివానలో పిడుగుపాటునకు కంప్యూటరు చెడెను. పట్టణమున నొక దుకాణమువారు దానిని బాగుచేసి, మమ్మడుగకయే డిస్కును శుభ్రముగా తుడిచి, అదియు నొక యుపకారమైనట్లు చెప్పి పంపిరి! పుస్తకములలో నున్నదంతయు నేను మరల నెక్కించితిని. ప్రొద్దుగూకిన పిదప దీపము పెట్టుకొని కూర్చుండగా మూడు నెలలు పట్టెను. నా కీ పద్దు చేతికి వచ్చినది అప్పుడే.

పుస్తకములలో లేని రెండేండ్ల మాట యేమి? అప్పుడొక సంగతి తెలిసినది. ప్రతి సంభాషణకు రెండు చిట్టాలుండును: ఒకటి మనది, ఒకటి యెదుటివారిది. అమెరికా హాముల సంఘమగు ఏఆర్ఆర్ఎల్ వారు 2003లో 'లాగ్‌బుక్ ఆఫ్ ది వరల్డ్' అను నొక యుమ్మడి చిట్టాను నెలకొల్పిరి. ఇరుపక్షములవారును తమ లెక్కలను పంపగా, రెండును సరిపోలినచో ఆ సంభాషణ ధ్రువపడును. మా వారు అప్పటికే పంపినవి అందుండి తిరిగి వచ్చెను. కొన్ని యెదుటివారు పంపిన కార్డులనుబట్టి దొరికెను. దొరకనిది ఆయన ప్రక్కగా వ్రాసికొను మాటలు. 'ఈ దినము మొదటి కోత', 'చిన్నవానికి జ్వరము తగ్గినది' – ఇట్టివి ఉమ్మడి చిట్టాలో నిలువవు. ఆ రెండేండ్లవి పోయినవి పోయినట్లే.

ఆ యుమ్మడి చిట్టాయు నెల్లప్పుడు తెఱచియుండునను భరోసా లేదు. 2024 మే నెలలో దుండగులు ఆ సంఘపు కంప్యూటర్లపై దాడిచేయగా, జూలై 1వ తేది వఱకు అది మూతపడియుండెను.

అందుచే నా పద్ధతి చెప్పెదను. చిట్టాను ఏడీఐఎఫ్ అను రూపమున తీయుదును. అది సాదా అక్షరములే గావున ఏ కంప్యూటరైనను చదువగలదు. ఒక నకలు ఇంట, ఒకటి బీరువాలోని పెన్‌డ్రైవున, ఒకటి హైదరాబాదున మా పెద్దవానియొద్ద. ఆవకాయ రెండు జాడీలలో పెట్టినను, రెండును ఒకే యటుకపై నుంచినచో అటుక కూలిననాడు రెండును పగులును గదా. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల చేరువను తీరము దాటినప్పుడు మా మిరప నేలబడి నీట నానినది, కరెంటు పోయినది. ఆ రాత్రి నా కీ పద్దుమాట దిగులు లేదు. ఇంకొకటి: తనంతట తానే జరుగు నకలును నేను నమ్మను. ఇంటి ఫైలు చెఱిగినచో అదియు వెంటనే చెఱుగవచ్చును. కావున ప్రతి నకలునకు తేదితో పేరు పెట్టి పాతవానినిగూడ నుంచుదును. మఱియు వేఱొక కంప్యూటరులో తెఱచి, వరుసల సంఖ్య సరిపోయినదా యని చూతును. తెఱచి చూడని నకలు, మూత తీయని జాడీ యొక్కటే.

2004 డిసెంబరు పుటలో అండమాను దీవులనుండి యొక పిలుపుగుర్తు కలదు. హైదరాబాదునందలి జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ గారు తమ బృందముతో పోర్టుబ్లెయిరునుండి మాటలాడుచుండిరి. ఆ నెల 26న సునామీ వచ్చెను. వారు వెంటనే యాట మాని, దీవులవారి క్షేమవార్తలను ఒడ్డునకు చేర్చు పనికి పూనిరి. మా చిట్టాలో మాత్రము అదియు నందఱివలెనే యొక్క వరుస.

మా వారు 2019లో గతించిరి. "అమ్మా, ఇక నీ ఫైలెవరికమ్మా?" అని పెద్దవాడడిగెను. నేనేమియు ననలేదు. సంఘముల ద్వారా మూటలుగా తిరుగు కార్డులు చేరుటకు సంవత్సరములు పట్టును. ఆయన పోయిన మూడేండ్లకు జపానునుండి యొక కార్డు వచ్చెను. ఆ వృద్ధుడు తాను మాటలాడిన సంగతి ధ్రువపఱచుమని కోరెను. తేది చూచితిని, వరుస యున్నది. వ్రాసి పంపితిని. అది చూచిన పిదప పెద్దవాడు తన యొద్దనున్న నకలును తానే నెలకొకమాఱు మార్చుచున్నాడు.

ఈ మాసము నాలుగు కార్డులు వచ్చినవి. మూడింటికి బదులు వ్రాసితిని. నాలుగవదానిలోని కాలము మా చిట్టాతో గంట తేడాగా నున్నది. ఎవరి గడియారమో చూడవలసియున్నది.