కొల్లూరు వెతుక్కుంటూ రాయల్ సొసైటీకి

లండన్‌లో సెయింట్ జేమ్స్ పార్కు పక్కన, మాల్ రోడ్డుకు ఎగువన తెల్లటి భవనాల వరుస ఒకటుంది. పేరు కార్ల్‌టన్ హౌస్ టెర్రస్. 6 నుంచి 9 వరకు నంబర్లున్న భాగం రాయల్ సొసైటీది. ఒకప్పుడు న్యూటన్ అధ్యక్షుడిగా ఉన్న సంస్థ, మన గణాంక శాస్త్రవేత్త కల్యంపూడి రాధాకృష్ణారావు గారిని 1967లో ఫెలోగా ఎన్నుకున్న సంస్థ. ఆ ఏడాదే అది ఈ భవనానికి మారింది. అక్కడ నాకున్న పనల్లా కృష్ణ ఒడ్డున ఒకప్పుడు వజ్రాల గని ఉన్న కొల్లూరుతోనే.

ఇక్కడి పాత కాగితాలు చూడటానికి ఫెలో అయి ఉండనక్కర్లేదు, ప్రొఫెసర్ అయి ఉండనక్కర్లేదు. కేటలాగు ఇంటర్నెట్‌లో ఉంది. కావలసినవి ఎంచుకుని, ముందుగా రాసి రోజు ఖాయం చేసుకుంటే చాలు. రుసుము లేదు. లోపల పెన్ను పనికిరాదు, పెన్సిలే. పాత పుస్తకాన్ని మెత్తటి దిండు మీద ఆనించి, వెన్ను విరగకుండా సగమే తెరిచి చదవాలి.

ముందు అడిగింది సొసైటీ పత్రిక ‘ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్’ 1677 సంచిక. అందులో వజ్రాల గనుల వర్ణన ఉంది. సొసైటీకి దాన్ని సమర్పించింది ఎర్ల్ మార్షల్ హెన్రీ హోవర్డ్. 1666లో లండన్ తగలబడ్డాక నిలువ నీడ లేకుండా పోయిన సొసైటీకి తన అరండెల్ హౌస్‌లో చోటిచ్చి, కుటుంబ గ్రంథాలయాన్ని కూడా ఇచ్చేసిన దాత ఆయనే. గోల్కొండ రాజ్యంలో 23 గనులు నడుస్తున్నాయంటుంది వ్యాసం. తవ్విన మట్టిని నీళ్ళు పోసి కడగడం, బురద వదిలించడం, మిగిలిన గులకను ఎండబెట్టి రాయి రాయినీ వెతకడం, అన్నీ ఉన్నాయి. ఇంగ్లీషువాడి చెవికి ఎలా వినబడితే అలా రాసిన ఊళ్ళ పేర్ల మధ్య కొల్లూరును పోల్చుకున్నప్పుడు నా చెయ్యి కాసేపు అక్కడే ఆగింది. ఆ కొల్లూరు ఇవాళ పులిచింతల జలాశయం కింద ఉంది. వెళ్ళి చూద్దామంటే నీళ్ళే. ఆ గని పని ఎలా సాగేదో తెలుసుకోవాలంటే ఇలాంటి కాగితాలే దిక్కు.

అయితే అచ్చయినదాని కంటే అచ్చుకాని రాతలే ఈ సంస్థకు అసలు ఆస్తి అని నాకు అక్కడ కూర్చున్నాకే అర్థమైంది. 1660 నవంబరు 28న గ్రెషామ్ కాలేజీలో క్రిస్టఫర్ రెన్ ఉపన్యాసం అయ్యాక 12 మంది కూర్చుని ఒక సంఘం పెట్టుకుందామనుకున్నారు. ప్రవేశానికి పది షిల్లింగులు, వారానికొక షిల్లింగు చందా. ఈ సంగతులన్నీ తొలి జర్నల్ బుక్ మొదట్లోనే రాసి ఉన్నాయి. జర్నల్ బుక్ అంటే సమావేశాల మినిట్స్ పుస్తకం. చదివిన వ్యాసాల నకళ్ళకు రిజిస్టర్ బుక్, ఉత్తరాల నకళ్ళకు లెటర్ బుక్ వేరుగా ఉన్నాయి. ఎవరు ముందు కనిపెట్టారన్న తగాదా వస్తే ఈ పుస్తకాలే సాక్ష్యం.

ఆ సాక్ష్యం కోసమే శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ ఒళ్ళు హూనం చేసుకున్నాడు. గడియారంలో స్ప్రింగు వాడటం తన ఆలోచనేనని, కార్యదర్శి ఓల్డెన్‌బర్గ్ దాన్ని సరిగా నమోదు చేయలేదని ఆయన అనుమానం. 1677లో ఓల్డెన్‌బర్గ్ చనిపోయాక తనే కార్యదర్శి అయి, పాత మినిట్స్ అన్నీ తిరగేసి తనకు కావలసినవి ఎత్తి రాసుకున్నాడు. ఆ రాతలూ, 1682 దాకా తను రాసిన చిత్తు మినిట్సూ కలిసిన 500 పేజీలకు పైబడ్డ పుస్తకం ఆ తర్వాత ఎటుపోయిందో ఎవరికీ తెలియదు. 2006లో హాంప్‌షైర్‌లో ఒక ఇంటి అలమరలో బయటపడింది. వేలానికి కొన్ని నిమిషాల ముందు సొసైటీ సుమారు పది లక్షల పౌండ్లకు కొనుక్కుంది. తన ఇంట్లో ఉండాల్సిన కాగితాన్ని విరాళాలు పోగుచేసి కొనుక్కోవాల్సి వచ్చినా వెనకాడలేదు. నాకది గొప్పగా అనిపించింది.

అచ్చుకు పంపిన వ్యాసాల మీద నిపుణులు రహస్యంగా రాసిన అభిప్రాయాలు కూడా 1832 నుంచి దాచి ఉంచారు.

ఆ తర్వాత మనవైపు నుంచి వచ్చినవే వరసగా అడిగాను. విశాఖపట్నంలో పనిచేసిన పాట్రిక్ రస్సెల్ అనే డాక్టరు వెదురు కణుపుల్లో గట్టిపడే పదార్థం గురించి రాసిన వ్యాసం 1790లో అచ్చయింది. అందులో ‘వెదురుపాలు’ అన్న తెలుగు మాట ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది! సామర్లకోట నుంచి విలియం రాక్స్‌బర్గ్ లక్క పురుగు మీద రాసినది 1791లో వచ్చింది. కొండల నుంచి తెచ్చిన లక్క కొమ్మలను సీసాల్లో పెట్టి, పిల్ల పురుగులు బయటికి వచ్చేదాకా కనిపెట్టుకుని ఉన్నాడాయన. వ్యాసం నెత్తిన సమావేశంలో చదివిన తేదీ ఉంటుంది. ఆ తేదీ పట్టుకుని జర్నల్ బుక్ తెప్పించుకుంటే ఆనాటి సభకు వచ్చిన అతిథుల పేర్లు కూడా దొరుకుతాయి. ఒకరోజు సభ చూడటానికి వచ్చిపోయినవాడికి పేరుంది. సామర్లకోటకు ఆ కొమ్మలు మోసుకొచ్చినవాళ్ళ పేర్లు మాత్రం వ్యాసంలో లేవు. కొల్లూరులో మట్టి కడిగినవాళ్ళవీ లేవు. ఎంత భద్రంగా దాచినా, రాయని పేరును ఏ బీరువా ఇవ్వగలదు? ఇది నన్ను బాధపెట్టింది, ఇప్పటికీ పెడుతోంది.

రాసిన పేర్లనైనా మనం కాపాడుకోవాలి కదా. 1911లో మద్రాసులో పుట్టిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు, 1922లో రాజమండ్రిలో పెట్టిన ఆంధ్రేతిహాస పరిశోధక మండలి మనకు ఉండేవి. పరిషత్తు కూర్చిన సూర్యరాయాంధ్ర నిఘంటువులోకి ఏ మాటను రానివ్వాలి, దేన్ని ఆపాలి అని జరిగిన ఒక్క చర్చ మినిట్స్ దొరికినా మన భాషా చరిత్రలో అదొక అధ్యాయం. మీ ఇంట్లో తాతగారు ఏ సమాజానికైనా కార్యదర్శిగా పనిచేసి ఉంటే, అటక మీది పుస్తకాలను తూకానికి వేసే ముందు ఒక్కసారి విప్పి చూడండి. చందాల పట్టీ అయినా సరే, పారేయకండి.

బయల్దేరే ముందు అక్కడి లైబ్రేరియన్ గారికి కొల్లూరు గురించి చెప్పాను. అది ఇప్పుడు పల్నాడు జిల్లా అని, జలాశయంలో మునిగిందని, మ్యాపులో చోటు చూపించాను. ఆవిడ కాగితం తెచ్చి, ఊరి పేరు ఇప్పుడెలా రాస్తారో రాసిమ్మన్నారు. ఇంగ్లీషులో రాసి, కింద తెలుగులో కూడా రాశాను.