చెప్పి వెళ్లిన విశ్రాంతి

ధ్యాన వాక్యభాగములు: మార్కు 6:30-34, అపొస్తలుల కార్యములు 28:13-16



ఈ మాటలు మా సంఘంలో ఒక ఆదివారము ముందే చెప్పాను. నాలాంటి సేవకులు ఇంకా కొందరుంటారని ఇక్కడ కూడా వ్రాస్తున్నాను.

పోయిన వేసవిలో నేను, నా భార్య, మా ఇద్దరు పిల్లలు పన్నెండు రోజులు ఐరోపాలో ఉన్నాము. ఫ్రాంక్‌ఫర్ట్, హాలే, జ్యూరిచ్, రోము. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉద్యోగం చేసే మా బావమరిది పిలిచాడు. టికెట్లు, వీసా ఫీజులు అన్నీ అతనే కట్టాడు. మా ఖర్చంతా తనదేనని అక్కడి ఆఫీసులో వ్రాసిచ్చి ఆ కాగితం కూడా పంపాడు. షాద్‌నగర్ పక్క పల్లెలో సేవ మొదలుపెట్టి పద్దెనిమిది ఏళ్లయింది. ఇన్నేళ్లలో నా భార్య ఊరు విడిచి వెళ్లిందంటే పుట్టింటికి, లేదా ఆసుపత్రికి. మా పిల్లలకు వేసవి సెలవులంటే వి.బి.ఎస్. పాటలు, చాపలు పరచడం. డాక్టరు నా బి.పి. చూసి, "అయ్యగారూ, కొన్నాళ్లు ఫోన్ కట్టేసి ఎక్కడికైనా వెళ్లండి" అన్నాడు. విశ్రాంతి అవసరమే. అందులో తప్పు లేదు.

తప్పు నేను ప్రకటన చేసిన తీరులో ఉంది. "విహారానికి పోతున్నాము" అని పల్లె సంఘంలో చెప్పడానికి నోరు రాలేదు. అక్కడ కూర్చున్నవారిలో సగం మంది కూలికి పోయేవారు, మిగిలినవారు విమానాశ్రయం చుట్టుపక్కల గోదాముల్లో, హౌస్‌కీపింగ్‌లో పనిచేసేవారు. "ప్రభువు చిత్తమైతే రెండు వారాలు విదేశాలకు వెళ్తున్నాము, ప్రార్థన చేయండి" అని మాత్రము అన్నాను. ఇందులో ఒక్క మాటా అబద్ధం కాదు. కాని వాళ్లకు ఏమి అర్థమవుతుందో నాకు తెలుసు. మరుసటి వారానికి యూత్ పిల్లలు ఫ్లెక్సీ కట్టారు, "ఐరోపా సువార్త పర్యటన" అని. నేను ఆ ఫ్లెక్సీ కింద నిలబడి ఫోటో దిగాను. స్త్రీల సమాజము వారు దారి ఖర్చులకని ఒక కవరు చేతిలో పెట్టారు. అందులో 3,240 రూపాయలు. అన్నీ పది, ఇరవై, యాభై నోట్లే.

శంషాబాద్ విమానాశ్రయము 2008లో తెరిచారు. అక్కడ బాత్రూములు శుభ్రం చేసే ఉద్యోగంలో మా సంఘపు సహోదరి ఒకామె చాలా ఏళ్లుగా ఉంది. రోజూ వేలమంది ఎగిరిపోవడం చూస్తుంది, తాను ఎన్నడూ ఎక్కలేదు. ఆ రాత్రి ఆమె డ్యూటీలోనే ఉంది. మా ట్రాలీ దగ్గరకు పరుగున వచ్చి, పిల్లల తల నిమిరి, "అయ్యగారూ, మీటింగులు మంచిగ జరగాలని ఈ రెండు శుక్రవారాలు ఉపాసముంట" అన్నది. నా భార్య నా వైపు చూసింది. నేను తల ఊపాను.

ఆ కవరు నా కోటు లోపలి జేబులో పెట్టుకొని ఐరోపా అంతా తిరిగాను.

హాలే పట్టణానికి వెళ్లాలన్నది నా ఆశ. భక్తుడైన ఆగస్ట్ హెర్మన్ ఫ్రాంకే కట్టిన అనాథశాల అక్కడ ఇప్పటికీ నిలిచి ఉంది. 1706లో తరంగంబాడికి వచ్చిన సీగెన్‌బాల్గ్ అక్కడ చదివినవాడే. మద్రాసులో తెలుగు నేర్చుకొని, బైబిలును తెలుగులోనికి మార్చిన బెంజమిన్ షుల్జ్ గారు చివరికి హాలేకే తిరిగి వెళ్లారు. ఆయన అనువాదము అచ్చు కాలేదు. కాని 1746లో అదే పట్టణంలో ఒక చిన్న తెలుగు ప్రశ్నోత్తర పుస్తకము అచ్చు వేయించారు. మన ఊళ్లలో అచ్చు యంత్రమనేది ఎవరూ చూడని రోజుల్లో, అంత చలిదేశంలో కూర్చొని మన అక్షరాల కోసము ఒకాయన కష్టపడ్డాడు. ఆ ప్రాంగణంలో మా అబ్బాయి ఐస్‌క్రీమ్ తింటుంటే నాకు కళ్లు చెమర్చాయి. సంతోషమే. కాని జేబులో కవరు బరువుగా తగిలింది.

జ్యూరిచ్‌లో ఇంకా కష్టమైంది. మా పాలమూరు వైపు సంఘాలకు ఆ ఊరితో చుట్టరికముంది. మనలో చాలామందికి తెలియదు గనుక కొంచెము చెబుతాను. 1525 జనవరిలో, విశ్వసించినవారే బాప్తిస్మము పొందాలని నమ్మిన కొద్దిమంది అక్కడ ఒక ఇంట్లో ఒకరికొకరు బాప్తిస్మమిచ్చుకున్నారు. వారి బాటలో నడిచినవారికే తర్వాత మెన్నొనైట్లు అని పేరు వచ్చింది. హింసలకు చెదిరి కొందరు రష్యా సామ్రాజ్యము వరకు పోయారు. అక్కడ 1860లో మెన్నొనైట్ బ్రదరెన్ సంఘము మొదలైంది. అక్కడి నుండే 1889లో అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు మన తెలుగుదేశానికి వచ్చి నల్గొండలో సేవ చేశారు. తర్వాత పాలమూరులోను, శంషాబాద్‌లోను ఆ మిషను పని పెరిగింది.

ఆ మొదటివారిలో ఫెలిక్స్ మాంజ్ అనే యౌవనుడు ఒకడు. 1527 జనవరి 5న జ్యూరిచ్ అధికారులు ఆయనను చేతులు కట్టి లిమ్మాట్ నదిలో ముంచి చంపారు. ఒడ్డున నిలబడి తల్లి, సోదరుడు ధైర్యము చెప్పారట. నది ఒడ్డున గోడకు ఒక పలక ఉంది. మా అమ్మాయి అది ఫోన్‌లో తర్జుమా చేసుకొని చదివి అడిగింది: "డాడీ, మాట మార్చుకుంటే వదిలేసేవాళ్లా?"

"వదిలేసేవారేమో" అన్నాను.

"చిన్న మాటే కదా" అన్నది పాప.

నేను నీళ్లవైపు చూస్తూ ఉండిపోయాను. మాట మార్చనని ఒకడు నదిలోకి పోయాడు. నేను నలుగురు ఏమనుకుంటారో అని ఒక మాట మింగాను.

అక్కడి నుండి రైలులో, ఆల్ప్స్ కొండల కింద 57 కిలోమీటర్ల సొరంగము దాటి, మిలాన్ మీదుగా రోము చేరాము. రోములో అప్పీయ మార్గముపై ఒక మధ్యాహ్నము నడిచాము. పౌలు భక్తుడు సంకెళ్లతో వచ్చిన దారి అది. ఆయన వస్తున్నాడని విని రోములోని సహోదరులు అప్పీయా సంతపేట వరకు, త్రిసత్రముల వరకు ఎదురు వెళ్లారు. మొదటిది పట్టణానికి సుమారు 65 కిలోమీటర్లు, రెండవది సుమారు 50. అంటే షాద్‌నగర్ నుండి హైదరాబాదుకు ఎంతో అంత. వారిని చూసి పౌలు దేవునికి కృతజ్ఞతలు చెల్లించి ధైర్యము తెచ్చుకున్నాడని లూకా వ్రాశాడు. ఆయన ఖైదీగా వస్తున్నాడని వారికి తెలుసు. దాచిందేమీ లేదు. అందుకే ఆ కలుసుకోవడములో ధైర్యము కలిగింది.

ఆ రాత్రి నా భార్య అడిగింది. "ఏమండీ, ఆ కవరు ఇంకా జేబులోనే ఉందా?"

"ఉంది."

"మనము దిగేసరికి ఆమె అక్కడే ఉంటుంది."

నిజముగానే ఉంది. తెల్లవారుజామున సామాను తీసుకొని బయటికి వస్తుంటే మాప్ కర్ర పట్టుకొని ఎదురొచ్చింది. నాకు ఎదురు రావడానికి త్రిసత్రముల దాకా నడిచి వచ్చినట్టే అనిపించింది. ఒక స్తంభము పక్కకు పిలిచి అంతా చెప్పాను. మీటింగులు లేవు, ఒక్క ప్రసంగము కూడా చేయలేదు, పిల్లలతో తిరగడానికే పోయాము, నీ ఉపవాసము నేను మోసము చేసి తీసుకున్నాను అని.

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పిల్లలు సంతోషపడ్డరా?" అన్నది. పడ్డారన్నాను.

"చెప్పి పోతే ఏమయితుండె అయ్యగారూ? మేము వద్దంటుంటిమా?" అన్నది. గొంతులో కోపముంది, బాధ కూడా ఉంది. కాసేపాగి మళ్లీ, "ఆడ కూడ బాత్రూములు కడిగేటోళ్లు మనసొంటోళ్లేనా?" అని అడిగింది. రోము విమానాశ్రయములో నాకు కనబడినాయన బంగ్లాదేశ్ మనిషి, ఇంటికి పోయి నాలుగేళ్లయిందన్నాడని చెప్పాను. "ఆయనకు గూడ ప్రార్థన చేస్త" అని పనికి పోయింది.

ఆ ఆదివారము ఆ కవరు బల్లమీద పెట్టి సంఘమంతటి ముందు ఒప్పుకున్నాను. కొందరు నవ్వి ఊరుకున్నారు. ఒక పెద్దాయన మాత్రం మూడు వారాలు మందిరానికి రాలేదు. ఇప్పుడు వస్తున్నారు గాని, నా ముఖము చూసి వందనము చెప్పడము ఇంకా మొదలుపెట్టలేదు. ఆయనకు ఆ హక్కు ఉంది. నేను తొందరపెట్టడము లేదు.

మార్కు 6వ అధ్యాయము అప్పటినుండి మళ్లీ మళ్లీ చదువుతున్నాను. శిష్యులు తాము చేసినవన్నీ, బోధించినవన్నీ వచ్చి ప్రభువుకు చెప్పుకున్నారు. భోజనానికైనా తీరిక లేని వారిని ఆయనే ఏకాంతమునకు పిలిచి విశ్రాంతి తీసుకొమ్మన్నాడు. వారు దోనె ఎక్కి వెళ్లడము జనులు చూశారు కూడా. ఇన్నేళ్లు ఈ చిన్న సంగతి నేను గమనించలేదు. ప్రభువు ఇచ్చిన విశ్రాంతి దొంగచాటు విశ్రాంతి కాదు. నేను దాన్ని దొంగసొమ్ములా అనుభవించాను గనుకనే ఏ ఊరిలోనూ కడుపునిండా ఆనందించలేకపోయాను.

ఇంకొక మాట. విశ్రాంతి సేవకునికే అవసరమా? విశ్రాంతి దినపు ఆజ్ఞలో దాసుడు, దాసి, పశువు కూడా ఉన్నారు. రాత్రి డ్యూటీల సహోదరికి నెలలో ఎన్ని ఆదివారాలు దొరుకుతున్నాయో నేను ఎన్నడూ అడగలేదు. ఇప్పుడు అడిగాము. ఆ 3,240కి ఇంకొంత కలిపి ఒక డి.సి.ఎం. మాట్లాడుకొని, ఆమెకు సెలవు దొరికిన రోజున సంఘమంతా మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి పోయాము. మర్రిచెట్టు నీడలో పులిహోర తిన్నాము. ఆ రోజు ప్రసంగము పెట్టలేదు. ఆమె చాప మీద పడుకొని రెండు గంటలు నిద్రపోయింది. ఎవ్వరమూ లేపలేదు.

సేవకులారా, అలసిపోతే అలసిపోయామని మీ సంఘానికి చెప్పండి. సంఘస్థులారా, మీ సేవకుడు ఆ మాట చెప్పగలిగేటట్టు ఆయనతో ఉండండి. నా కొరకు, ఇంకా నాతో మాట కలపని ఆ పెద్దాయన కొరకు ప్రార్థించండి.

దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమెన్.