ఉప్పెన చూసిన దివిసీమ

విజయవాడ నుంచి కృష్ణానది వెంబడే సముద్రంవైపు ప్రయాణం చేస్తే పులిగడ్డ అనే ఊరు వస్తుంది. అక్కడ నది పాయలుగా చీలుతుంది. ఆ పాయలకూ, బంగాళాఖాతానికీ మధ్య వున్న నేలే దివిసీమ. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ఇక్కడి ముఖ్యమైన ఊళ్ళు. హంసలదీవి దగ్గర కృష్ణ సముద్రంలో కలుస్తుంది.

ఈ సీమలో నిలబడి నాలుగు దిక్కులా చూడండి. కొండ కాదుగదా, గుట్ట అయినా కనిపించదు. ఎటు చూసినా వరిచేలూ, కాలవలూ, తాటిచెట్లూను. నది తెచ్చిన ఒండ్రుతో ఏర్పడిన నేల గనక చాప పరిచినట్టు చదునుగా వుంటుంది. పంటలకు ఇది వరమే. కాని తుఫానునాడు పరుగెత్తి ఎక్కుదామంటే మెరక దొరకదు.

తుఫాను బలాన్ని ఎలా కొలుస్తారో తెలుసా? గాలివేగాన్ని బట్టి. గాలి గంటకు 62 కిలోమీటర్లకు చేరితే తుఫాను అంటారు. 89కి చేరితే తీవ్ర తుఫాను, 118కి చేరితే అతి తీవ్ర తుఫాను. 220 దాటితే ఇక దానిని మించినది లేదు. అది సూపర్ సైక్లోన్.

ఇందులో ఒక చిత్రమున్నది. గాలివేగం రెట్టింపయితే దాని తాకిడి నాలుగు రెట్లవుతుంది. వేగం మూడు రెట్లయితే తాకిడి తొమ్మిది రెట్లు! అందుకే 60 కిలోమీటర్ల గాలి చెట్టు కొమ్మలు విరిస్తే, 180 కిలోమీటర్ల గాలి చెట్లనే కూకటివేళ్ళతో పెళ్ళగిస్తుంది.

అయినా, దివిసీమలో అన్ని ప్రాణాలు తీసింది గాలి కాదు, నీరు.

1977 నవంబరు 19న ఒక మహా తుఫాను చీరాల సమీపాన తీరం దాటింది. కాని ఘోరంగా దెబ్బతిన్నది దివిసీమ. ఎందుకని? మన సముద్రాలలో తుఫాను గాలులు గడియారపు ముల్లుకు ఎదురుగా సుడితిరుగుతవి. కాగితంమీద గీసి చూడండి. సుడి నడిమి భాగం చీరాల దగ్గర వుంటే, దానికి తూర్పున వున్న దివిసీమలో గాలి సముద్రం మీదినుంచి నేలమీదికి వీస్తుంది. ఆ గాలి సముద్రాన్నే ముందుకు తోసింది. తీరం దగ్గర లోతు తక్కువ గనక, ఆ నీరంతా పైకి లేచి ఊళ్ళమీద పడింది. దీనినే ఉప్పెన అంటారు.

ఆ ఉప్పెన ఎత్తు సుమారు 5 మీటర్లు. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు వున్న నీళ్ళతొట్టి 1,000 కిలోల బరువు తూగుతుంది. మరి సముద్రమే నడిచి వస్తే గుడిసెలు నిలుస్తాయా? సొర్లగొంది వంటి పల్లెలు తుడిచిపెట్టుకు పోయినవి. సుమారు 10,000 మంది మరణించారు. పశువులు కొట్టుకుపోయినవి. చేలలో ఉప్పునీరు నిలిచింది.

1990 మే 9న మరొక పెద్ద తుఫాను కృష్ణ ముఖద్వారం దగ్గరే తీరానికి వచ్చింది. ఈసారి తీరప్రాంతాలనుంచి లక్షన్నరకు పైగా జనాన్ని ముందుగానే తరలించారు. మృతులు వెయ్యికి లోపే. ఒక్క ప్రాణం పోయినా దుఃఖమే. కాని 1977తో పోల్చి చూడండి. గాలిని ఎవరూ ఆపలేదు, సముద్రాన్ని ఎవరూ ఆపలేదు. మనుషులు ముందుగా కదిలారు, అంతే.

ఇప్పుడు తీరపు ఊళ్ళలో స్తంభాలమీద కట్టిన తుఫాను రక్షణ భవనాలు కనిపిస్తవి. ఉప్పెన కెరటాల విసురు తగ్గించే మడ అడవులు కూడా కృష్ణ ముఖద్వారం దగ్గర వున్నవి.

మీ ఊరు తీరాన వుంటే, తుఫాను హెచ్చరిక విన్నప్పుడు గాలివేగం ఎంత అని మాత్రమే అడగకండి. “ఉప్పెన ఎంత ఎత్తున రావచ్చు? మేము ఎక్కడికి వెళ్ళాలి?” అని కూడా అడగండి. వెళ్ళమన్నప్పుడు, ఆకాశం తెల్లగా వున్నా సరే, అమ్మానాన్నలను వెంటబెట్టుకుని బయలుదేరండి.