అభిప్రాయాల పుస్తకంలో లేని అభిప్రాయం

జిగురు పెట్టి అంటించిన మీసం ఊడదీయడం ఎంత కష్టమో నాకు అరవై ఒకటో ఏట తెలిసింది. కొబ్బరినూనె రాసి మెల్లగా లాగుతుంటే పై పెదవి భగ్గుమంది. పక్క కుర్చీలో పురుషోత్తమరావు పాత్ర వేసిన స్నేహితురాలు తలపాగా విప్పుకుంటూ "మగతనం వదిలించుకోవడం ఇంత బాధా!" అంటే గదంతా పకపకా నవ్వింది. 2019 ఫిబ్రవరి అది. నాంపల్లిలో నుమాయిష్ ఇంకా నడుస్తోంది. ఆ రద్దీని దాటుకుని, అబిడ్స్ తిలక్ రోడ్డు దగ్గరి చిన్న హాలుకి ఎవరొస్తారులే అనుకున్నాం. కానీ హాలు నిండింది.

మేమెవరమూ వృత్తి కళాకారులం కాదు. రిటైరైన లెక్చరర్లం ఇద్దరం, ఒక బ్యాంకు ఉద్యోగిని, ఇంట్లోనే కుట్టుపని చేసుకునే ఒకావిడ, మిగతా అంతా డిగ్రీ చదివే అమ్మాయిలు. ఆడ పాత్రలూ మగ పాత్రలూ అన్నీ మేమే. నాటకం కాళ్ళకూరి నారాయణరావు (1871-1927) రాసిన 'వరవిక్రయం'. కట్నం మీద వందేళ్ళ కిందటి నాటకం. తొలిసారి తెరమీద కనిపించిన భానుమతి కాళిందిగా 1939లో సినిమాగా కూడా వచ్చింది. కూతురి పెళ్ళికి తండ్రి ఆస్తి అమ్ముకోవడం చూడలేక కాళింది నూతిలో దూకుతుంది. చెల్లెలు కమల అదే సంబంధం చేసుకుని, డబ్బిచ్చి కొన్నది మేం కాబట్టి కొన్న సరుకు మా ఇంటికి రావాలి గానీ నేను మీ ఇంటికెందుకు రావాలి అని అడ్డం తిరుగుతుంది. వరుడి తండ్రి సింగరాజు లింగరాజు పరమ పిసినారి. ఆ పాత్ర నాది.

హాలు బయట బల్లమీద ఒక పెద్ద నోటుబుక్కు పెట్టి, పైన 'మీ అభిప్రాయం' అని రాశాం. మర్నాడు అందరం ఒకరింట్లో చేరి టీలు తాగుతూ దాన్ని చదివాం. పాఠాలు చెప్పిన అలవాటు కదా, నేను వాటిని వర్గాలుగా విడదీశాను కూడా.

ఎక్కువ అభిప్రాయాలు 'ఆడవాళ్ళయినా' అన్న మాటతో మొదలయ్యాయి. ఆడవాళ్ళయినా బాగా చేశారు, ఆడవాళ్ళయినా పద్యం తడబడలేదు. తెలుగు రంగస్థలం మీద స్థానం నరసింహారావు ఆడవేషం వేస్తే ఆడవాళ్ళకంటే అందంగా ఉన్నాడని తరతరాలుగా చెప్పుకుంటున్నాం. 'మగవాడయినా' అని ఆయన్ను ఎవరూ క్షమించలేదు, ఆ అవసరమే రాలేదు. స్త్రీత్వం ఎలా ఉండాలో మగనటుడు చూపిస్తే అది కళ, మగవాడు ఎలా కూర్చుంటాడో మేం చూపిస్తే అది సాహసం. స్త్రీల పాత్రలు స్త్రీలే వెయ్యాలని బళ్ళారి రాఘవ పట్టుబట్టాడు, కొమ్మూరి పద్మావతీదేవి లాంటివాళ్ళని రంగస్థలం మీదికి తెచ్చాడు. అంతకు ముందే, 1885లో మొదలైన సురభి కుటుంబాల్లో ఆడవాళ్ళు నటిస్తూ, పిల్లల్ని పెంచుతూ, డేరాల్లో వంట చేస్తూ బతికారు. పబ్లిక్ గార్డెన్స్ లలిత కళాతోరణంలో వాళ్ళ నాటకాలు చూస్తూ నేను పెద్దగా పట్టించుకోనిది ఇదే. ఆ తల్లులకి స్టేజీ ఎక్కడం సాహసం కాదు, రోజువారీ పని.

రెండో వర్గం పద్యం గురించి. "రాగం బాగుంది కానీ పై స్థాయి అందలేదు." "ఒన్స్‌మోర్ అనేలా లేదు." ఇది చదివి మా కమల, పంతొమ్మిదేళ్ళ పిల్ల, కళ్ళనీళ్ళు పెట్టుకుంది. శ్రుతి దగ్గర మాకు మొదటినుంచీ పేచీయే. మా హార్మనిస్టు పెద్దాయన, నలభై ఏళ్ళ అనుభవం. ఎవరి గొంతుకి తగ్గ శ్రుతిలో వాళ్ళు పాడతామంటే ఆయనకి మింగుడుపడలేదు. మైకుల్లేని కాలంలో ఆఖరి వరస దాకా వినబడాలని మగనటులు గొంతు చించుకుని పాడిన పద్యమే మనకు ప్రమాణమైపోయింది. అవసరం పోయింది, ప్రమాణం మిగిలింది. అమ్మాయి మామూలు గొంతుతో, అడగాల్సింది అడుగుతున్నట్టుగా పాడితే మన చెవికి అది పద్యంగా ఆనలేదు.

మూడో వర్గం చీరలూ నగలూ. కాళింది జడ బాగుందిట, కమల కొంచెం లావుగా ఉందిట. లింగరాజు పంచె కట్టు మాత్రం అసలు మగవాళ్ళు కట్టినట్టే ఉందిట.

కట్నం గురించి రాసినవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంత మంది. అందులో ఎక్కువమంది 'ఆనాటి దురాచారం' అన్నారు. ఆనాటిది! వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది. అది వచ్చిన తర్వాత పుట్టిన మా అమ్మాయిల తల్లులంతా కట్నాలిచ్చే కాపురాలకొచ్చారు. ఒకావిడ గుండ్రటి అక్షరాలతో ఇలా రాసింది: "చాలా మంచి నాటకం. మేము మా అబ్బాయి పెళ్ళికి ఏమీ అడగలేదు. వాళ్ళే సంతోషంగా పెట్టారు." దాన్ని నేను గట్టిగా చదివి వినిపించాను. అందరం నవ్వాం. అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే.

ఇక నాకు దక్కిన మెప్పు. ఎవరో రాశారు, సంతకం లేదు: "లెక్క తేలగానే లింగరాజు కళ్ళజోడు తీసి డబ్బాలో పెట్టి ఠప్పున మూసే తీరు అద్భుతం. ఎవరిని చూసి నేర్చుకున్నారు?"

ఆ పని నాటకంలో లేదు. ఎవరూ నాకు చెప్పలేదు. రిహార్సల్స్‌లో మూడోరోజో నాలుగోరోజో చేతికి దానంతటదే వచ్చింది. బేరం కుదిరింది, ఇంక మాటల్లేవు అన్న అర్థం ఆ చప్పుడులో ఉందని మా దర్శకురాలు అలాగే ఉంచమంది.

ప్రదర్శన రాత్రి సంగతి ఇప్పుడు చెప్పాలి. నాటకానికి నా కోడలు కూడా వచ్చింది. అభిప్రాయాల పుస్తకంలో ఏమీ రాయలేదు. ఇద్దరం నాంపల్లి స్టేషన్లో మెట్రో ఎక్కాం. బోగీ సగం ఖాళీ. పై పెదవి ఇంకా మండుతోంది. పొగడ్తల మత్తులో ఉన్నాను, ఇంకొక్క పొగడ్త కావాలనిపించింది.

"ఎట్లా చేశానమ్మా?" అన్నాను.

"మంచిగ చేసిన్రు అత్తమ్మా" అంది. కాసేపు కిటికీలోకి చూసింది. అసెంబ్లీ దాటాక, నా వైపు తిరక్కుండానే అంది: "ఆ లెక్కల సీను ఒక్కటి చూడలేకపోయిన. మా నాయన గుర్తుకొచ్చిండు. మీ ఇంట్ల సోఫా అంచుకు గట్లనే కూసున్నడు. మాటలయిపోయినంక మీరు కండ్లద్దాల డబ్బా గట్లనే మూసిన్రు."

నేనేమీ అనలేదు. అనడానికి నా దగ్గర మాట ఉంది, అదే గుండ్రటి అక్షరాల మాట. మేం అడగలేదు, వాళ్ళే పెట్టారు.

2009లో మా అబ్బాయి పెళ్ళి. అప్పటికి నేను కట్నం మీద వ్యాసాలు రాశాను, సభల్లో మాట్లాడాను, విద్యార్థినుల చేత ప్రతిజ్ఞలు చేయించాను. మేం కట్నం అనే మాటే వాడలేదు. "అమ్మాయి పేరు మీద మీరేం పెట్టుకుంటారో మీ ఇష్టం" అన్నాం. మర్చిపోకుండా ఉంటుందని నేనే ఒక కాగితం మీద రాశాను. నల్గొండ దగ్గర ఆయన రెండెకరాలు అమ్మాడు. ఆ డబ్బు మా ఫ్లాటుకి కలిసింది. ఫ్లాటు మా అబ్బాయి పేరు మీద కొన్నాం. ఇదంతా ఎంత మర్యాదగా జరిగిందంటే, ఇందులో లింగరాజు ఉన్నాడని నాకు తోచనే లేదు.

ఆ తర్వాత నాటకాన్ని మళ్ళీ చదివాను, ఈసారి పాత్రధారిగా కాదు. లింగరాజుని కాళ్ళకూరి పిసినారిని చేశాడు. జనం పడీపడీ నవ్వుతారు. నవ్వడంలోనే మనం వేరు, వాడు వేరు అని తేల్చేసుకుంటారు. కాఫీ ఇచ్చి, చదువుకున్న మాటలు మాట్లాడి, మెత్తగా తీసుకునేవాళ్ళకి ఆ పాత్రలో తమ మొహం కనిపించదు. నాకు కనిపించలేదు, రెండు నెలలు ఆ మొహానికి రంగేసుకుని కూడా. కాళింది చచ్చిపోతే హాలంతా ఏడ్చింది, కమల ఎదురు తిరిగితే చప్పట్లు కొట్టింది. నూతిలో దూకకుండా, కోర్టుకెక్కకుండా, పొద్దున్నే లేచి బాక్సులు కట్టి, ఆఫీసుకి పోయి, సాయంత్రం నాకు బీపీ మాత్ర గుర్తుచేసే మూడో ఆడపిల్లకి ఆ నాటకంలో ఒక్క సీనూ లేదు.

ప్రేక్షకుల అభిప్రాయానికి బలం లేదని అనుకోను. ఇదే రచయిత రాసిన 'చింతామణి'ని 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధించింది. అందులోని సుబ్బిశెట్టి పాత్ర తమను అవమానిస్తోందని ఆర్యవైశ్యులు ఏళ్ళతరబడి అభ్యంతరం చెప్పగా చెప్పగా జరిగింది అది. వాళ్ళ బాధ అబద్ధమని అనను. కానీ వందేళ్ళపాటు ఊరూరా ఆడిన ఆ నాటకంలో కథానాయిక కళావంతుల ఇంటి ఆడది. ఆ ఇళ్ళలో పుట్టినవాళ్ళు ప్రేక్షకుల్లో కూర్చుంటే ఏమనుకున్నారో ఎవరు అడిగారు? హాల్లో అందరూ చూస్తారు, కానీ అభిప్రాయం ఉండే హక్కు కొందరికే. మా ఇంట్లో ఆ పెళ్ళి మాటలు జరిగిన రోజు నా కోడలు లోపలి గదిలో ఉంది, తలుపు సగం తెరిచి ఉంది. ఆ దృశ్యానికి ఏకైక ప్రేక్షకురాలు తనే. తన అభిప్రాయం నేను అడగడానికి పదేళ్ళు పట్టింది. అప్పుడు కూడా నేను అడిగింది నా నటన గురించి.

2020 జనవరిలో నాంపల్లిలో ఇంకో ప్రదర్శన ఇచ్చాం. ఆ కళ్ళజోడు డబ్బా పని తీసేశాను. చెయ్యి పోలేదు. పుస్తకంలో ఒకరు "కిందటిసారి లింగరాజు ఇంకా సహజంగా ఉన్నాడు" అని రాశారు. కరోనా వచ్చాక మా బృందం చెదిరిపోయింది.

ఫ్లాటు సంగతి ఇంట్లో మాట్లాడటం నాటకం ఆడినంత తేలిక కాలేదు. మా అబ్బాయి "ఇప్పుడదంతా ఎందుకమ్మా" అన్నాడు, మావారు లేచి వెళ్ళిపోయారు. 2021లో సగం వాటా ఆమె పేరు మీద రిజిస్టరయింది. ఆమె సంతకం పెట్టి, పెన్ను నాకిచ్చి, ఆఫీసుకి టైమవుతోందని వెళ్ళిపోయింది. థాంక్స్ చెప్పలేదు. చెబుతుందేమోనని నేను ఎదురుచూసినందుకు సిగ్గుపడ్డాను.

ఈ వ్యాసం పంపేముందు ఆమెకి చదవమని ఇచ్చాను, ఒప్పుకోకపోతే పంపనని కూడా చెప్పాను. డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని మొత్తం చదివింది. కాగితాలు సరిచేసి బల్లమీద పెట్టింది.

"పంపుకోండి" అంది. "కానీ మా నాయన అమ్మింది రెండెకరాలు కాదత్తమ్మా. మూడు."

పైన రెండెకరాలు అని రాసింది అలాగే ఉంచాను. ఇన్నేళ్ళూ నేను అనుకుంటున్న లెక్క అది.