తడి చెంచా

మా ఇంట్లో గొడవలు చాలావరకు ఆవకాయ జాడీ దగ్గరే మొదలవుతాయి. తను తడి చెంచా పెడుతుంది. తడి తగిలితే బూజు పడుతుందని పెళ్లయిన ఆరేళ్లుగా చెబుతున్నాను. "మీ అమ్మకన్నా నీదే ఎక్కువ చాదస్తం" అంటుంది. నిజమే. గీజర్ స్విచ్ గురించి కూడా చెప్పొచ్చు గానీ, వద్దులెండి.

ఈమధ్య మునిమాణిక్యం కాంతం కథలు మళ్లీ చదువుతుంటే ఒకటి తట్టింది. అక్కడ కథ చెప్పేది భర్త. కాంతం తెలివి, కాంతం ఎత్తిపొడుపులు ఆయన చెబితేనే మనకి చేరతాయి. ముచ్చటగానే ఉంటాయి, కాదనను. కానీ కాంతం డైరీ రాసుకుని ఉంటే?

మా ఆవిడ రాస్తే మొదటి పేజీలోనే నా "ఆఁ" ఉంటుంది. లాప్‌టాప్ ముందు కూర్చుంటే ఎవరేం చెప్పినా వినకుండానే "ఆఁ" అనేస్తాను. పాలు అయిపోయాయన్నా అంతే. కిందటి నెల ఓ రాత్రి ఏదో బగ్ వెంట పడి ఉన్నాను. తను వచ్చి ఏదో చెప్పింది. "ఆఁ" అన్నాను. కాసేపు అక్కడే నిలబడి వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున్నే బ్యాగు సర్దుతుంటే ఎక్కడికని అడిగాను.

"నాన్నకి ఇవాళ బయాప్సీ. రాత్రి చెప్పాగా. నువ్వూ వస్తావా అంటే ఆఁ అన్నావు."

లీవు పెట్టి వెళ్లాను. రిపోర్టులో భయపడాల్సిందేమీ రాలేదు. ఆ రాత్రి సంగతి తను మళ్లీ ఎత్తలేదు. నాలుగు తిట్టినా బాగుండేది.

ఇప్పుడు నేను "ఆఁ" అంటే చాలు, "ఏం చెప్పానో చెప్పు" అంటుంది. సగంసార్లు దొరికిపోతాను. నిన్న జాడీలో తెల్లగా బూజు కనబడింది. ఈసారీ ఊరుకోలేదు నేను.